మైకులో వచ్చిన వాళ్ళు

నేను రాసిన మాటని జనం నమ్మడం నా జన్మలో ఒక్కసారే జరిగింది. ఆ ఒక్కసారీ జరక్కుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటూంటాను.

సోషల్ మాస్టారుగా ముప్పయ్యేళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేసి, చీపురుపల్లిలో రిటైరై ఇక్కడే ఉండిపోయాను. ఉద్యోగం ఎంతకాలం చేశానో నాటకాలూ అంతకాలం ఆడాను. నటుణ్ణని మాత్రం చెప్పుకోను. నాకిచ్చిన పాత్రలన్నీ వంటపాత్రల బాపతే: లోపల్నుంచి చప్పుడు వినిపిస్తుంది గానీ ఎవరికీ కనపడవు. తెరవెనక గుర్రం సకిలించాలన్నా, ఉరుము ఉరమాలన్నా, టెలిఫోను మోగాలన్నా నన్నే పిలిచేవారు. ఒక పోటీలో నా ఉరుముకి ప్రత్యేక బహుమతి ఇద్దామనుకున్నారట గానీ, ఉరిమిందెవరో తెలియక మానేశారట.

రిటైరయ్యాక తీరిక దొరికింది గనక ఒక నాటకం నేనే రాశాను. తొమ్మిదో తరగతి పిల్లలకి ఏటా ఒక పాఠం చెప్పేవాణ్ణి. యుద్ధం రోజుల జర్మనీ. అందులో యూదుల మీద జరిగిన ప్రచారం నాలుగంటే నాలుగు వాక్యాలు. గోడల మీద పోస్టర్లు వేశారు, సినిమాలు తీశారు, రేడియోలో ఊదరగొట్టారు, పసిపిల్లల బొమ్మల పుస్తకాల్లో కూడా విషం కలిపారు. నాలుగు మార్కుల ప్రశ్న, నాలుగు పాయింట్లు. పిల్లలు బట్టీపట్టేవారు, నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. లక్షలమంది ప్రాణాలు పోయిన సంగతికి ‘వెరీగుడ్’ అని రాస్తుంటే చెయ్యి ఎప్పుడూ ఒకసారి ఆగేది. ఆగేది గానీ, రాసేది కూడా.

అందుకని నాటకంలో పాయింట్లు తీసేసి మనుషుల్ని పెట్టాను. జర్మనీలో చిన్న ఊరు. ఒకే గోడకి అటూ ఇటూ రెండు కాపురాలు. ఒకవైపు గడియారాలు బాగుచేసే యూదు, రెండోవైపు రొట్టెల దుకాణం ఆయన. పండక్కీ పబ్బానికీ పళ్ళేలు గోడ దాటుతూంటాయి. రొట్టెలాయన ఇంట్లోకి రేడియో వస్తుంది. రోజూ అదే గొంతు, అదే మాట. పళ్ళేలు తగ్గుతాయి. పలకరింపులు తగ్గుతాయి. ఆఖరి రంగంలో గడియారాలాయన వచ్చి తలుపు తడితే, రొట్టెలాయన ఒక క్షణం చూసి తలుపు వేసేస్తాడు. ఇంతే. రేడియో గొంతు వేషం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. రాసింది నేనే అయినా నాకు కనిపించని పాత్రే దొరికింది.

మొదట రేడియో మాటల్లో ప్రతి వాక్యానికీ ‘యూదులు’ అని రాసుకున్నాను. గడియారాలాయన వేషం కట్టిన రిటైర్డ్ పోస్టుమాస్టరు రిహార్సల్లో నన్ను ఆపి, “పేరు ఒక్కసారి చెప్పండి చాలు. ఆ తర్వాత ‘వాళ్ళు’ అనండి. వినేవాడికి భయం ఎక్కువ పుడతాది” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అలాగే దిద్దాను. మొదటి వాక్యంలో ఒకసారి యూదులు. ఆ తర్వాత అంతా వాళ్ళే.

నాటకం ఆదివారం సాయంత్రం ఐదు గంటలకి, హైస్కూలు మైదానంలో. ప్రచారం పని మా ఊరి మైకాయనకి అప్పగించాం. ఆయన ఆటో నెత్తిమీద రెండు మైకు గొట్టాలుంటాయి. సర్కసు వచ్చినా, సిమెంటు కొట్టు తెరిచినా, ఎలక్షన్లు వచ్చినా, గేదె తప్పిపోయినా ఆ ఆటో ఊరంతా తిరగాల్సిందే. పెన్‌డ్రైవులో రెండు ముక్కలు రికార్డు చేసి ఇచ్చాను. మొదటిది ప్రకటన: నాటకాభిమానులకు మనవి, ఫలానా రోజు, ఫలానా చోట, యుద్ధకాలంలో యూదుల మీద జరిగిన దుష్ప్రచారం మీద నాటకం, అందులోంచి ఒక రేడియో ప్రసంగం వినండి అని. రెండోది ఆ ప్రసంగం; యూదుల పేరు ప్రకటనలోనే వచ్చింది గనక, పేరున్న మొదటి వాక్యం ఇందులో వదిలేశాను:

“ఇల్లాళ్ళారా! వర్తకులారా! మన ఇబ్బందులన్నిటికీ కారణం వాళ్ళే. వాళ్ళు మన మధ్యనే ఉన్నారు. మనలాగే ఉంటారు. నవ్వుతూ పలకరిస్తారు. వాళ్ళ దగ్గర సరుకు కొనకండి. వాళ్ళకి మీ ఇంట్లో చోటివ్వకండి. ఈరోజు ఊరుకున్నారా, రేపు మీ పిల్లలే మిమ్మల్ని నిలదీస్తారు!”

శుక్రవారం పొద్దున్న ఆటో ఊళ్ళో తిరగడం మొదలుపెట్టేసరికి నేను విజయనగరం బస్సులో ఉన్నాను. వేషాలకి కోట్లు తేవాలి. “కోట్లు తేవడానికి వెళ్తున్నాను” అంటే మా ఆవిడ, “ఈ జన్మకి మనకి అద్దె కోట్లే” అంది. కోట దగ్గర డ్రస్సుల కొట్టాయనకి జర్మనీ అని చెబితే చాలాసేపు ఆలోచించి, పెళ్ళిళ్ళలో బ్యాండుమేళం వాళ్ళు వేసుకునే కోట్లు నాలుగు తీశాడు. భుజాల మీద జరీ కుచ్చులున్నాయి. నలుగురు జర్మన్లూ ఊరేగింపు మధ్యలోంచి పారిపోయొచ్చినట్టు ఉంటారనిపించింది. కుచ్చులు విప్పుకోవచ్చన్నాడు. పైన రెండు నల్లటోపీలు కూడా సంచీలో పడేసుకుని వచ్చేశాను.

మూడున్నరకి చీపురుపల్లిలో దిగి షేర్ ఆటో ఎక్కాను. నా పక్కన ఎవరో తెలియనాయన. ఎదురుగా తోటకూర కట్టలతో ఒకావిడ. ఆవిడ నన్ను చూసి గొంతు తగ్గించింది.

“మాస్టారూ, సంచీ దగ్గిర పెట్టుకోండి. ఊళ్ళోకి వాళ్ళు ఒచ్చీసినారట.”

“ఎవరమ్మా?”

“ఎవురేటండి, వాళ్ళే. పొద్దుట్నించీ సెప్తన్నారు కదా. మనలాగే ఉంటారట. నవ్వతారట కూడాను.”

సరిగ్గా అప్పుడే పక్కనున్నాయన నన్ను చూసి నవ్వాడు. నేను సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను. అందులోంచి తొంగిచూస్తున్న నల్లటోపీ చూసి ఆయనా అటు జరిగాడు. ఇరుక్కుని కూర్చున్న ఆ సీటులో మా ఇద్దరి మధ్యా మూడో మనిషికి హాయిగా చోటు ఏర్పడింది.

జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. నేను ఇంటికి రాగానే మా ఆవిడతో అన్న మొదటిమాట, “పెరటి తలుపు గడియ పెట్టు” అని. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఎందుకు చెప్పారు అని నాకు తోచనే లేదు. ముప్పయ్యేళ్ళు ఆ పాఠం చెప్పిన మనిషిని. స్టాండు నుంచి మా ఇంటికి పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలు సరిపోయాయి నాకు.

“గడియ ఎందుకూ?” అంది మా ఆవిడ.

“ఊళ్ళోకి ఎవరో వచ్చారట.”

“ఎవరూ?”

“వాళ్ళు.”

ఆ మాట నా నోట్లో ఉండగానే ఆటో మా వీధిలోకి తిరిగింది. “ఇల్లాళ్ళారా! వర్తకులారా!” అని నా గొంతు నాకే ఎదురొచ్చింది. మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఆ చూపుకి నాలుగు పాయింట్లు చాలవు.

పరుగున వెళ్ళి ఆటోకి అడ్డం నిలబడ్డాను. మైకాయన దిగి, మొహం ఇంత చేసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఎలాగుంది మాస్టారూ? ఊరు ఊరంతా మీ మాటే!”

“మొదటి ముక్క ఏదయ్యా? ఆదివారం, ఐదు గంటలు, నాటకం... ఆ ముక్క?”

“అది రేపండి. ఇయాల టీజరు, రేపు అసలుది. నాటకం అని ముందే సెప్పీస్తే ఎవుడు ఆగి ఇంటాడండి? సినిమావోళ్ళు ఇలగే సేస్తారు. నా సర్వీసులో తెలీదేటి?”

“జనం నిజమనుకుంటున్నారయ్యా!”

“అనుకోవాలి కదండీ మరి! అనుకోకపోతే ఇంక మీరు రాసిందెందుకండీ?”

దాచుకోవడమెందుకు. ఆ మాటకి నాలో ఎక్కడో ఒక మూల చిన్న సంతోషం కూడా కలిగింది. నా రచన రచ్చకెక్కడం అదే మొదలు. మైకుకీ మైకానికీ మధ్య ఉన్నది ఒక్క సున్నాయే కదా, ఆ సున్నా కాసేపు నా నెత్తిన వెలిగింది.

ఆయనే ఉత్సాహంగా వీధుల సమాచారం చెప్పుకొచ్చాడు. నేను ‘వాళ్ళు’ అని ఖాళీ వదిలిన చోట ఊళ్ళో ఎవరికి కావలసినవాళ్ళని వాళ్ళు పెట్టుకున్నారట. స్కూలు వెనక వీధివాళ్ళకి కొత్త ట్యూషన్ సెంటరువాళ్ళు. కుళాయి దగ్గర రోజూ దెబ్బలాడుకునే రెండు వీధుల్లో ఈ వీధికి ఆ వీధివాళ్ళు, ఆ వీధికి ఈ వీధివాళ్ళు. ఒక పెద్దాయనైతే వాళ్ళంటే తన వియ్యాలవారేనని ఖాయం చేసుకుని, మైకువాడికి దండం కూడా పెట్టాడట. నేను నవ్వుతూనే ఉన్నాను. నవ్వుతుండగానే మైకాయన, “మీ వీధి సివరావిడ కూడాను, ఆ దుప్పట్లాయన్ని పంపించీసిందట” అన్నాడు.

నవ్వు అక్కడ ఆగిపోయింది.

దుప్పట్లాయన ప్రతి ఏడూ చలి మొదలవగానే ఒడిశాలో బరంపురం అవతలి నుంచి వస్తాడు. పదకొండేళ్ళుగా మా వీధి చివర డాబా ఇంట్లో వీధిగది ఆయనదే. రెండునెలలుండి, సైకిలు మీద ఊరూరూ తిరిగి దుప్పట్లూ రగ్గులూ అమ్ముకుని వెళ్ళిపోతాడు. సైకిలు మాత్రం ఏడాది పొడుగునా ఇక్కడే, డాబా ఇంటావిడ వసారాలో ఉంటుంది. ఆవిడకి నా వయసే. నాకు వరసకి ఏమీ కాకపోయినా వదినగారూ అంటాను. ఆయన ఆవిణ్ణి అప్పా అంటాడు, మా వైపు అక్కని పిలిచినట్టు.

నేను వెళ్ళేసరికి ఆవిడ ఒక తలుపు వేసి, ఒక తలుపు తీసి, ఆ తీసిన దాంట్లో కూర్చుని ఉంది.

“ఏం జరిగింది వదినగారూ?”

“ఏటీ జరగనేదు. రెండ్రోజులు ఎక్కడైనా ఉండి రమ్మన్నాను. నాకై నాను అనలేదు మాస్టారూ, అందరూ ఒచ్చి అరుగుమీద నిలబడ్డారు. ఎందుకొచ్చిన గొడవ, ఎల్లమను, ఎల్లమను అని. నాకు తెలీదేటండి, ఆడు మంచోడని? పదకొండేళ్ళు నా ఇంట్లో ఉన్నాడు.”

“తెలిసీ ఎందుకు పంపారు?”

“మైకులో సెప్పినారు కదండీ.”

“ఆ మైకులో చెప్పింది నేనే. నాటకంలో ముక్క అది. అబద్ధం.”

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది.

“మీరా? మీ గొంతని తెలిస్తే నాను నమ్ముదునేటి?”

ముప్పయ్యేళ్ళ సర్వీసుకి ఇంతకన్న సూటైన సర్టిఫికెట్టు నాకు రాలేదు. కానీ అప్పటికే ఆవిడ మొహం మారిపోయింది. లేచి వసారాలోకి వెళ్ళి సైకిలు సీటు మీద చెయ్యి వేసింది.

“సైకిలు ఉంచీసినాడు, మళ్ళీ ఒస్తాడులే అనుకున్నాను. తీరా సూస్తే తాళంచెవి కూడా కిటికీలో పెట్టీసి ఎల్లిపోనాడు. సైకిలు నన్నే ఉంచుకోమని కాదేటి, దానర్థం?”

మూటలెత్తుకుని స్టేషనుకే వెళ్ళి ఉంటాడు. పలాస వైపు పాసింజరు ఐదింటికి. అప్పుడు నాలుగున్నర.

మైకాయన ఆటోలో ముందు ఆయన, వెనక నేనూ, డాబా ఇంటావిడా. దారిలో ఊరికి నిజం చెప్పాల్సింది నేనే గనక మైకు నేనే తీసుకున్నాను. “పుర ప్రజలకు విన్నపం. ఈ ఉదయం ప్రసారమైన ప్రసంగం, రాబోయే ఆదివారం ప్రదర్శింపబడనున్న నాటకంలోని ఒకానొక భాగం మాత్రమేనని, తత్కారణంగా కలిగిన అపోహలకు...” అని మొదలుపెట్టాను. అబద్ధానికి అంత తేటగా వచ్చిన తెలుగు, నిజం చెప్పబోయేసరికి గ్రాంథికంలోకి వెళ్ళి దాక్కుంది. ఎవరూ ఆగలేదు. టీకొట్టు దగ్గర మాత్రం ఒకాయన జాలిగా, “అయ్యో మాస్టారూ, మిమ్మల్ని కూడా కలిపీసుకున్నారేటి వాళ్ళు?” అన్నాడు. నేను చేసిన ప్రచారం అపచారమై, ఆఖరికి నా గ్రహచారంగా తయారైంది.

“ఇటియ్యండి” అని డాబా ఇంటావిడ మైకు లాక్కుంది.

“ఒరే! ఇనండర్రా! ఒసే, తలుపులేసుకున్న దానా, నిన్నే! వాళ్ళు లేరు ఈళ్ళు లేరు. ఒచ్చినోడు మన దుప్పట్లోడు. మీరు కప్పుకున్న రగ్గు ఎవుడిచ్చినాడే? నాకు మోకాలు వాసిపోయి మంచాన పడితే పదిరోజులు నీళ్ళు తోడినాడు, మీరెవురైనా తోడినారా? ఆడికి వంకాయ పడదు. నీళ్ళు పోసుకుంటా పాటలు పాడతాడు, ఒక్కటీ కుదరదు. నా ములగచెట్టుకి పురుగు పడితే నాకన్న ముందు ఏడ్సినాడు. ఆణ్ణి పొమ్మన్నాను. ఎవుడో మొగోడు మైకులో అరిసినాడని పొమ్మన్నాను. నాకు బుద్ధి నేదు. మీకూ నేదు. ఎల్లి తెస్తన్నాను, దారి తొలగండి!”

మైకాయన ముందునుంచి తల తిప్పి, “మాస్టారూ, ఇది కదండీ రికార్డు సెయ్యాల్సింది” అన్నాడు.

తలుపులు తెరుచుకోవడం మొదలైంది. నవ్వులు వినిపించాయి. తోటకూర ఆవిడ కట్టలు పక్కన పెట్టి మా వెనక నడిచింది. ఆవిణ్ణి చూసి ఇంకో నలుగురు. రైల్వే గేటు దాటేసరికి మా ఆటో వెనక ఒక చిన్న ఊరేగింపే తయారైంది. సంచీలోని బ్యాండు కోట్లు ఇంట్లో వదిలేసి వచ్చానే అని కూడా అనుకున్నాను.

అలా అనుకుంటూనే, ఆ హడావిడిలోనే, ఒక ఆలోచన చల్లగా తగిలింది. మాకు అయింది ఒక్క పూట. ఒక ఆటో, రెండు గొట్టాలు, నా బొంగురు గొంతు. అక్కడ ఏళ్ళతరబడి అదే గొంతు, ఇంటింటా చవక రేడియో, బళ్ళో అదే పాఠం, యూదుల దుకాణాల ముందు కాపలా, ఆపైన చట్టం, పోలీసులు. ఒకే ఒక్కరి చేతిలో మైకులన్నీ. డాబా ఇంటావిడలాంటి వాళ్ళు అక్కడా ఉండే ఉంటారు. లాక్కోవడానికి వాళ్ళకి మైకు లేదు, లాక్కుంటే ప్రాణం దక్కదు. అక్కడా స్టేషనుకే పంపారు మనుషుల్ని. ఆ రైళ్ళు వెనక్కి తెచ్చే రైళ్ళు కావు. ఈ రెంటినీ నేను పోల్చడం లేదు. పోల్చకూడదు. కానీ మొదటి పూట ఎలా ఉంటుందో మాత్రం నేను మా వీధిలో చూశాను. చాలా మామూలుగా ఉంటుంది.

దుప్పట్లాయన ప్లాట్‌ఫారం చివర మూటల మీద కూర్చున్నాడు. మా జనాన్ని చూసి లేచి నిలబడ్డాడు. పాపం, ఇక్కణ్ణుంచి కూడా పొమ్మంటారేమో అనుకున్నాడట.

డాబా ఇంటావిడ ఊరంతటికీ వినపడేలా అన్ని మాటలు అన్నదల్లా ఆయన ముందు నిలబడేసరికి చీర చెంగు సర్దుకుంది. మూటని చూసింది. చివరికి, “అన్నం తినకుండా ఎల్లిపోనావేటిరా?” అంది.

ఆయన తల వంచుకున్నాడు. “అప్పా, పొమ్మన్నావు, పోయాను. నీ ఇల్లు. కానీ నన్ను ఒక్క మాట అడగాల్సింది.”

“అడగనేదు” అంది ఆవిడ. “నిన్ను తప్ప అందర్నీ అడిగినాను.”

నేను ముందుకొచ్చి తప్పంతా నాదన్నాను. నాటకం గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “మాస్టరుబాబూ, మీరు కథ రాశారు. తలుపు మీరు వెయ్యలేదు కదా” అన్నాడు. నన్ను తేలిక చేయడానికే అన్నాడు గానీ, ఆ మాట వదినగారికి ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. అందులో నా వంతు కూడా ఉంది. ఆ మధ్యాహ్నం మా ఇంటి పెరటి గడియ పెట్టమన్నది నేనే.

దూరంగా రైలు కూత వినిపించింది. మైకాయన తొందరపడి, “అన్నా, ఎక్కకు! కావలిస్తే ఇక్కడే మైకులో క్షమాపణ సెప్పించీస్తాను” అన్నాడు.

దుప్పట్లాయన అడ్డంగా తల ఊపాడు. “మైకు వద్దు. అప్పా, ఏ అరుగుమీద నిలబడి నన్ను పొమ్మన్నావో అక్కడే నిలబడి నన్ను ఉండమని చెప్పు. అప్పుడు విన్నవాళ్ళందరూ ఉండాలి. అలాగైతే వస్తాను.”

పాసింజరు వచ్చి ఆగింది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కిందకి వంగి ఒక మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని ఆటోవైపు నడక మొదలుపెట్టింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, వాచే మోకాలితో. “అప్పా! అప్పా!” అంటూ ఆయన వెనకాల పరిగెత్తాడు. మిగతా మూటలు తలా ఒకటీ పట్టుకున్నాం. రైలు దాని దారిన అది పోయింది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి ఎండ ఇంకా డాబా అంచున ఉంది. పొద్దున్న అక్కడ నిలబడ్డవాళ్ళని ఆవిడే పేరుపేరునా కేకేసి పిలిచింది. వచ్చారు. గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ మామూలు గొంతుతో చెప్పింది. “పొద్దున్న ఈడిని పొమ్మన్నాను. ఏ తప్పూ సెయ్యకుండా పొమ్మన్నాను. తప్పు నాది. ఒరే తమ్ముడూ, ఉండు. ఎన్నాళ్ళైనా ఉండు.” ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ మాత్రం, “నాను కూడా అన్నాను బాబూ, ఎల్లమని” అంది. ఆయన “హౌ, హౌ” అన్నాడు, వాళ్ళ భాషలో సరే సరే అని. తర్వాత గదిలోకి వెళ్ళి స్నానానికి నీళ్ళు పెట్టుకున్నాడు. కాసేపటికి పాట వినిపించింది. ఆవిడ చెప్పింది నిజమే, ఒక్క ముక్క కుదరలేదు. వీధి వీధంతా నిలబడి విన్నాం.

ఆదివారం మా నాటకానికి వచ్చినంత జనం ఆ మైదానానికి ఎన్నడూ రాలేదు. టీజరు బాగా పనిచేసిందని మైకాయన ఇప్పటికీ అంటాడు. కుచ్చులు విప్పినా కోట్లకి జరీ గుర్తులు పోలేదు, పోస్టుమాస్టరుగారి గడియారాలాయన మేళం వదిలి వచ్చినట్టే ఉన్నాడు. అయినా రేడియో మొదటిసారి మాట్లాడినప్పుడు ఎవరూ నవ్వలేదు. తెరవెనక నుంచి “వాళ్ళు మన మధ్యనే ఉన్నారు” అంటున్నాను, బయట నిశ్శబ్దం. నా జీవితంలో నాకు దొరికిన మొదటి నిశ్శబ్దం అది. వాళ్ళకి ఆ గొంతు తెలుసు. అది తమని ఏం చేసిందో తెలుసు.

ఆఖరి రంగం. గడియారాలాయన తలుపు తట్టాడు. రొట్టెలాయన వేషం మా బస్సు కండక్టరుది. తలుపు ఓరగా తీసి, చూసి, వెయ్యబోయాడు.

“ఒరే! ఏయకు!” ముందు వరసలోంచి డాబా ఇంటావిడ లేచి నిలబడింది. “ఒక్కమాట అడగరా ఆడిని! తలుపు తియ్యి!”

పాతికేళ్ళుగా ఎవరు తియ్యమన్నా బస్సు తలుపు తీసే చెయ్యి అది. తీసేసింది. గడియారాలాయనకి ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు. తలుపు తీశారు గనక మర్యాదకి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. మైదానమంతా చప్పట్లు. ఈలలు. దుప్పట్లాయన కూడా లేచి చప్పట్లు కొడుతున్నాడు.

ఇలాంటప్పుడు రచయిత ఏం చెయ్యాలో ఎక్కడా రాసి లేదు. మొదటిసారి తెరముందుకి వచ్చాను. చప్పట్లు తగ్గేదాకా ఆగి, “అమ్మా, మీరన్నట్టు జరిగుంటే ఎంత బాగుండేదో. కానీ అక్కడ తలుపు తియ్యలేదు. ఎక్కడో కొందరు తీశారు, ప్రాణాలకి తెగించి. చాలామంది తియ్యలేదు. ఆయన్ని తీసుకుపోయారు. అందుకే మేం తలుపు వేసి చూపించాలి” అన్నాను.

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. “ఎందుకు తియ్యనేదు?” అంది. వాదనగా కాదు. తెలుసుకోవాలనే అడిగింది.

నా దగ్గర నాలుగు పాయింట్లున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

“కూర్చో అప్పా” అన్నాడు దుప్పట్లాయన, ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లిగా. “జరిగింది చూడనీ అందర్నీ.”

“నువ్వు సూడగలవేటి?”

“నువ్వు పక్కనున్నావు కదా.”

ఆవిడ కూర్చుంది. కండక్టరు గడియారాలాయన్ని లేపి బయటికి పంపి, మళ్ళీ మొదటినుంచీ తట్టమన్నాడు. ఆయన తట్టాడు. నేను తెరవెనక్కి వెళ్ళకుండా పక్కనే నిలబడి చూశాను. తలుపు మూసుకుంది. డాబా ఇంటావిడ దుప్పట్లాయన చెయ్యి వదల్లేదు.